ఇంటిల్లిపాదికీ ఇంగ్లీషు: హ్యావ్ అనే చిన్న మాట



కొన్ని నెలలుగా మీరు రాస్తున్న ఉత్తరాల్లో ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తున్నది. "ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్" అనవచ్చునా, లేక "ఐ హ్యావ్ టూ చిల్డ్రన్" అనాలా? ఒక తల్లి అయితే నర్సింగు పూర్తి చేసిన తన కుమార్తె ఉద్యోగ దరఖాస్తును మాకు పంపి, తప్పులుంటే దిద్దమని కోరారు. ఆ అమ్మాయి మీదనే ఇల్లంతా ఆశ పెట్టుకొని ఉన్నదని కూడా రాశారు. ఆ కాగితములో హ్యావ్ అనే మాట తొమ్మిది చోట్ల కనిపించింది. అందులో ఆరు చోట్ల తప్పు. ఆ బిడ్డ తెలివితక్కువది కాదు. మార్కులు చూస్తేనే తెలుస్తుంది. ఎవరూ కూర్చోబెట్టి విడమరచి చెప్పలేదు, అంతే. కాగితము దిద్ది పంపించాము. అయితే ఆ ఆరు తప్పులూ మన ఇళ్ళన్నింటిలోనూ వినిపించేవే గనుక, ఈ నెల పేజీ అంతా ఈ ఒక్క మాటకే కేటాయిస్తున్నాము.

ముందుగా పునాది చూద్దాము. ఈ క్రియాపదమునకు నాలుగే రూపాలు: హ్యావ్, హ్యాజ్, హ్యాడ్, హ్యావింగ్. ఐ, వి, యు, దే పక్కన హ్యావ్. హి, షి, ఇట్ పక్కన, లేదా ఒకే మనిషి పేరు, ఒకే వస్తువు పేరు పక్కన హ్యాజ్. జరిగిపోయిన కాలమునకు ఎవరికైనా హ్యాడ్. ఇంతవరకు ఆరో తరగతి పిల్లలు కూడా అప్పజెబుతారు. తప్పు దొర్లేది ప్రశ్న అడిగేటప్పుడు, లేదు అని చెప్పేటప్పుడు. "డజ్ షి హ్యాజ్ ఎ పాస్‌పోర్ట్?" అని అడుగుతారు. షి కోసము రావలసిన మార్పు డూ అనే మాట మీదికి వెళ్ళి అది డజ్ అయిపోయింది. ఇక హ్యావ్‌ను ముట్టుకోనక్కరలేదు. ఒక తలుపుకు ఒక తాళము చాలు కదా! "డజ్ షి హ్యావ్ ఎ పాస్‌పోర్ట్?" "షి డజన్ట్ హ్యావ్ ఎ పాస్‌పోర్ట్." అలాగే "డిడ్ యు హ్యావ్" అనాలి గానీ "డిడ్ యు హ్యాడ్" అనకూడదు.

మన పెద్దవారు కొందరు "హ్యావ్ యు ఎ పెన్?" అని నేర్చుకున్నారు. అది తప్పు కాదు గానీ ఈ రోజుల్లో అలా మాట్లాడేవారు బహు అరుదు. ఇంగ్లండు వారు "హ్యావ్ యు గాట్ ఎ పెన్?" అని కూడా అంటారు. "డు యు హ్యావ్ ఎ పెన్?" అన్నది మాత్రము ఎక్కడికి వెళ్ళినా చెల్లుతుంది. మరి 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలులో హ్యాత్, హ్యాస్ట్ అని కనిపిస్తాయే, అవి ఏమిటని ఒకరు అడిగారు. హ్యాజ్‌కు పాత రూపము హ్యాత్. నీవు అనే అర్థములో పూర్వము వాడిన దౌ అనే మాట పక్కన వచ్చే రూపము హ్యాస్ట్. చదివి గ్రహించడానికి అవి తెలిసి ఉండాలి. దరఖాస్తులో మాత్రము రాయకండి.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాము. మన ఇంట్లో మాట్లాడే తెలుగులో హ్యావ్‌కు సరిసమానమైన క్రియ లేదు. "కలిగియుండుట" అనే మాట బైబిలులోను, అనువాద పుస్తకాల్లోను ఉన్నది, నిజమే. కానీ పక్కింటి అక్కతో "నేను ఇద్దరు పిల్లలను కలిగియున్నాను" అని ఎవరంటారు? "నాకు ఇద్దరు పిల్లలు" అంటాము. "నా దగ్గర వంద రూపాయలున్నాయి", "మాకు రెండెకరాలుంది", "మా ఇంటికి మూడు గదులు", "నాకు జ్వరం", "ఇవాళ నాకు పని ఉంది" అంటాము. తెలుగులో వస్తువు తనంతట తాను ఉంటుంది. మనిషి నాకు, మాకు, నా దగ్గర అంటూ ఓ పక్కన నిలబడతాడు. ఇంగ్లీషులో అలా కాదు. మనిషే ముందుకు వచ్చి నిలబడాలి. "ఐ హ్యావ్ టూ చిల్డ్రన్." "ఐ హ్యావ్ ఎ హండ్రెడ్ రుపీస్." "వి హ్యావ్ టూ ఏకర్స్." "అవర్ హౌస్ హ్యాజ్ త్రీ రూమ్స్." నా దగ్గర అన్నాము కదా అని "నియర్ మి" అని మొదలుపెడితే, ఆ వంద రూపాయలు మీ పక్కన నేల మీద పడి ఉన్నాయని వినేవారు అనుకుంటారు.

అలాగని నాకు, మాకు అన్నచోటల్లా హ్యావ్ పెట్టేయకూడదు. "నాకు ఇరవై ఏళ్ళు" అంటే "ఐ యామ్ ట్వంటీ." "నాకు ఆకలిగా ఉంది" అంటే "ఐ యామ్ హంగ్రీ." "నాకు ఇంగ్లీషు వచ్చు" అంటే "ఐ నో ఇంగ్లీష్." వయస్సు, ఆకలి, దాహము, భయము, చలి వంటి వాటికి ఐ యామ్ కావాలి. జబ్బులకు మాత్రము హ్యావే: "ఐ హ్యావ్ ఎ ఫీవర్", "ఐ హ్యావ్ ఎ హెడేక్." ఇంగ్లండు వైపు వారు జ్వరము వచ్చిందనడానికి "ఐ హ్యావ్ ఎ టెంపరేచర్" అంటారు. ఒంట్లో వేడి ఎవరికి ఉండదు అని మనకు నవ్వు రావచ్చు గానీ, అక్కడ పనిచేయబోయే నర్సమ్మకు ఈ మాట తెలియకపోతే కష్టము.

ఇక హ్యావింగ్ సంగతి. ఆ దరఖాస్తులో "ఐ యామ్ హ్యావింగ్ బి.ఎస్‌సి. నర్సింగ్ డిగ్రీ", "ఐ యామ్ హ్యావింగ్ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్" అని ఉన్నది. మనకు ఈ అలవాటు ఎందుకు వచ్చిందో కొంత ఊహించవచ్చు. బడిలో "చేస్తున్నాను" అంటే "ఐ యామ్ డూయింగ్" అని నేర్పుతారు. చేస్తున్నాను అన్న మాటను విప్పితే "చేస్తూ ఉన్నాను". అందులో ఉన్నాను అనేది దాగి ఉన్నది. కాబట్టి ఉన్నాను, ఉన్నది, ఉన్నారు అని వినబడితే చాలు, నాలుక దానంతట అదే ఇంగ్ వైపు పోతుంది. కానీ డిగ్రీ ఉండడము జరుగుతూ ఉన్న పని కాదు, అది ఒక స్థితి. నిద్రలో ఉన్నా ఆ డిగ్రీ మీదే. ఇలా స్థితిని చెప్పే క్రియలకు ఇంగ్లీషులో సాధారణముగా ఇంగ్ చేర్చరు. నో, బిలీవ్, లైక్, ఓన్ కూడా ఈ కోవలోనివే. "ఐ యామ్ నోయింగ్ హిమ్" అనరు, "ఐ నో హిమ్" అంటారు. కాబట్టి "ఐ హ్యావ్ ఎ బి.ఎస్‌సి. డిగ్రీ ఇన్ నర్సింగ్", "ఐ హ్యావ్ త్రీ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్" అని రాయాలి.

అయితే హ్యావింగ్ ఎప్పుడూ తప్పేనని కొందరు ఉపాధ్యాయులు గట్టిగా చెబుతారు. అదీ సరికాదు. హ్యావ్‌కు ఉండడము అనే అర్థము పోయి తినడము, జరపడము, గడపడము, పొందడము అనే అర్థము వచ్చినప్పుడు హ్యావింగ్ హాయిగా వాడవచ్చు. "వి ఆర్ హ్యావింగ్ లంచ్" అంటే భోజనము చేస్తున్నాము. "దే ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్" అంటే వారు మీటింగులో ఉన్నారు. "మై మదర్ ఈజ్ హ్యావింగ్ యాన్ ఆపరేషన్ టుమారో" అంటే రేపు అమ్మకు ఆపరేషను. "ఆర్ యు హ్యావింగ్ ఎనీ పెయిన్?" అని డాక్టరు అడగడము కూడా సరైనదే, ఆ నొప్పి ఇప్పుడు వస్తూ ఉన్నదా అని ఆయన ఉద్దేశము.

ఇప్పుడు ఒక్క వాక్యము దగ్గర ఆగి జాగ్రత్తగా చూడండి. "మై సిస్టర్ హ్యాజ్ ఎ బేబీ" అంటే మా అక్కకు చంటిబిడ్డ ఉన్నది. "మై సిస్టర్ ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ" అంటే మా అక్క గర్భవతి, లేదా ప్రసవిస్తున్నది. మరి విదేశీ ఆసుపత్రి వారికి "ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్" అని రాస్తే ఏమవుతుంది? ఈమెకు కవల పిల్లలు పుట్టబోతున్నారు కాబోలు అని వారు అనుకోవచ్చు. మన దేశములో కోట్లమంది ఇలాగే మాట్లాడుతున్నారు. మనలో మనకు అర్థమవుతూనే ఉన్నది. దానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. కానీ దరఖాస్తు చదివేది మనవారు కాకపోవచ్చు కదా.

తరువాత కాలముల సంగతి. హ్యావ్‌కు సొంత అర్థమే కాకుండా, వేరే క్రియకు తోడుగా నిలబడే పని కూడా ఉన్నది. "ఐ హ్యావ్ ఈటెన్", "షి హ్యాజ్ కమ్" వంటివి. తెలుగులో "తిన్నాను" అన్న ఒక్క మాటతో సరిపెడతాము. ఇంగ్లీషులో ఎప్పుడు తిన్నారో చెబితే "ఐ ఏట్ ఎట్ వన్ ఓ క్లాక్." ఎప్పుడన్నది చెప్పకుండా, ఇప్పుడు కడుపు నిండి ఉన్నదని తెలియజేయాలంటే "ఐ హ్యావ్ ఈటెన్." నిన్న, పోయిన వారము, 2019లో అని జరిగిపోయిన సమయమును పేర్కొంటే హ్యావ్ ఆ వాక్యములో ఇమడదు. "మై ఫాదర్ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్ లాస్ట్ ఇయర్" అని రాయడము మనకు అలవాటు. "మై ఫాదర్ డైడ్ లాస్ట్ ఇయర్" చాలు. ఎక్స్‌పైర్డ్ అన్న మాట మందుల సీసాకు వదిలేద్దాము.

"హి హ్యాజ్ గాన్ టు వెల్లూర్", "హి హ్యాజ్ బీన్ టు వెల్లూర్" - ఈ రెండింటికీ తేడా అడిగారు. మొదటిదానికి తెలుగు "వెళ్ళాడు", మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు, లేదా దారిలో ఉన్నాడు. రెండోదానికి "వెళ్ళి వచ్చాడు", మనిషి తిరిగి ఇంట్లో ఉన్నాడు. చూశారా, మన తెలుగు ఇక్కడ ఎంత చక్కగా దారి చూపిస్తున్నదో! వెళ్ళి వచ్చాను అనిపించినచోట హ్యావ్ బీన్ వాడండి, తప్పు పోరు.

కానీ "నుంచి" దగ్గర తెలుగు మనకు సాయము చేయదు. "పదేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాము", "2015 నుంచి ఇక్కడ ఉంటున్నాము" - మనకు రెండూ నుంచే. అందుకే "వి ఆర్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అంటాము. ఇందులో రెండు తప్పులు. ఎంత కాలముగానో చెప్పేటప్పుడు ఫర్, ఎప్పుడు మొదలైందో చెప్పేటప్పుడు సిన్స్. పైగా అప్పుడు మొదలై ఇంకా సాగుతున్నది గనుక హ్యావ్ బీన్ రావాలి. "వి హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్." "వి హ్యావ్ బీన్ లివింగ్ హియర్ సిన్స్ 2015." డాక్టరు దగ్గర ఇది మరీ అవసరము. "షి హ్యాజ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్" అంటే మూడు రోజులుగా జ్వరము, ఇప్పుడూ ఉన్నది. "షి హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్" అంటే మూడు రోజులుండి తగ్గిపోయింది. ఒక్క హ్యాజ్ ఎగిరిపోతే జ్వరమే తగ్గిపోయింది!

హ్యాడ్ విషయములో మనవారికి చేయి కాస్త ధారాళము. "ఐ హ్యాడ్ గాన్ టు గుంటూర్ యస్టర్‌డే" అంటాము. నిన్న గుంటూరు వెళ్ళాను అని చెప్పడానికి "ఐ వెంట్ టు గుంటూర్ యస్టర్‌డే" సరిపోతుంది. హ్యాడ్ గాన్ ఎప్పుడంటే, జరిగిపోయిన రెండు పనుల్లో ఏది ముందు జరిగిందో చెప్పవలసి వచ్చినప్పుడు. "వెన్ ది డాక్టర్ కేమ్, ది పేషెంట్ హ్యాడ్ డైడ్" అంటే డాక్టరు వచ్చేసరికే ప్రాణము పోయింది. "వెన్ ది డాక్టర్ కేమ్, ది పేషెంట్ డైడ్" అంటే డాక్టరు వచ్చాక పోయింది. కేసు షీటులో ఈ రెండింటికీ మధ్య ఎంత అగాధమున్నదో నర్సింగు చదివే పిల్లలు ఆలోచించాలి.

మరొక వాడుక ఉన్నది, మనవారు దీనిని దాదాపు ముట్టుకోరు. అది మాకు మహా ఇష్టము. తెలుగులో "కట్టాము" వేరు, "కట్టించాము" వేరు. తవ్వడము, తవ్వించడము, కుట్టడము, కుట్టించడము. చిన్న "ఇంచు" చేర్చి పని ఇంకొకరి చేత చేయించామని చెబుతాము. ఇంగ్లీషులో ఈ "ఇంచు" పనిని హ్యావ్ చేస్తుంది. "వి హ్యాడ్ ఎ వెల్ డగ్" అంటే బావి తవ్వించాము. "ఐ హ్యాడ్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్" అంటే జాకెట్టు కుట్టించుకున్నాను. "వి హ్యాడ్ హిజ్ బ్లడ్ టెస్టెడ్" అంటే వాడికి రక్తపరీక్ష చేయించాము. ముందు హ్యాడ్, తరువాత వస్తువు, ఆ తరువాత క్రియ యొక్క మూడో రూపము. ఈ వరుస తప్పితే అర్థమే తారుమారు. "ఐ హ్యాడ్ మై టూత్ పుల్డ్ అవుట్" అంటే పన్ను పీకించుకున్నాను. "ఐ హ్యాడ్ పుల్డ్ అవుట్ మై టూత్" అంటే నా పన్ను నేనే పీక్కున్నాను. వినేవారికి గుండె గుభేలుమంటుంది. "ఐ కట్ మై హెయిర్" అని చెబితే కూడా అద్దము ముందు కత్తెర పట్టుకొని మీరే కత్తిరించుకున్నారని అర్థము చేసుకోవచ్చు. క్షౌరశాలకు వెళ్ళి వస్తే "ఐ హ్యాడ్ మై హెయిర్ కట్."

అన్నిటికంటే మీరు గుర్తుంచుకోవలసినది హ్యావ్ టు. "నేను వెళ్ళాలి" అంటే "ఐ హ్యావ్ టు గో." పలికేటప్పుడు ఇంగ్లీషువారు "హ్యాఫ్ టు" అన్నట్లు పలుకుతారు, విని కంగారుపడకండి. వెళ్ళాలి అన్నంతవరకు మస్ట్, హ్యావ్ టు రెండూ దగ్గర దగ్గరే. కాదు అన్న వెంటనే రెండూ చెరొక దారి పట్టిపోతాయి. "యు డోంట్ హ్యావ్ టు టేక్ దిస్ టాబ్లెట్" అంటే ఈ మాత్ర వేసుకోనక్కరలేదు, వేసుకున్నా ఫరవాలేదన్నమాట. "యు మస్ట్ నాట్ టేక్ దిస్ టాబ్లెట్" అంటే ఈ మాత్ర వేసుకోకూడదు. అక్కరలేదు, కూడదు - తెలుగులో ఈ రెండింటినీ ఎవరమూ కలగాపులగము చేయము. మరి ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి "మస్ట్ నాట్" కఠినముగా ఉన్నదని, మర్యాదకోసము "డోంట్ హ్యావ్ టు" అనేవారిని చూస్తుంటాము. రోగి దగ్గర ఆ మర్యాద ప్రాణము మీదికి తెస్తుంది. ఆపరేషనుకు ముందు రోగితో "యు డోంట్ హ్యావ్ టు ఈట్ ఎనీథింగ్" అంటే, ఇష్టముంటే తినవచ్చునని ఆయన తినేస్తాడు. "యు మస్ట్ నాట్ ఈట్ ఎనీథింగ్" అనే చెప్పాలి.

నర్సులు, డాక్టర్లు మొదలైన వైద్యవృత్తిలోని వారి కోసమే ఓ.ఇ.టి. అనే ఇంగ్లీషు పరీక్ష ఉన్నది. 1989 నుంచి జరుగుతున్న ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షతో పాటు దీనిని కూడా 2017 నుంచి బ్రిటన్‌లోని నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వారు అంగీకరిస్తున్నారు. ఆ పరీక్షలో మాట్లాడే భాగము ఎలా ఉంటుందంటే, ఎదుటి మనిషి రోగిగానో, రోగి బంధువుగానో నటిస్తారు, మన అమ్మాయి నర్సుగా మాట్లాడాలి. పైన చెప్పిన జ్వరము, మాత్ర, ఆపరేషను వాక్యాలన్నీ అటువంటి చోట నోటికి వచ్చితీరవలసినవే. ఇంట్లో అన్నయ్య రోగి, చెల్లెలు నర్సు అయి రోజూ పది నిమిషాలు అభ్యాసము చేయండి. నవ్వుకుంటూ నేర్చుకున్నది మరచిపోరు.

ఇంకొక్కటి, చిన్నదే. అర్థము కానిది అడగడానికి మనము "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటాము. మన మధ్య అది ఒట్టి ప్రశ్న. పరాయి దేశము వారికి డౌట్ అంటే నమ్మకము కుదరకపోవడము. సభలకు వచ్చిన విదేశీ బోధకుని ప్రసంగము అయిపోగానే లేచి "అయ్యగారూ, ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే పాపము ఆయన ముఖము చిన్నబోతుంది. "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి, సంతోషముగా జవాబు చెబుతారు.

ఇక్కడ ఒక ఊరట మాట. ఇంగ్లీషు పుట్టుభాషగా గలవారు కూడా ఈ క్రియ దగ్గర తడబడుతుంటారు. "ఐ షుడ్ హ్యావ్ గాన్" అన్నది వేగముగా పలికితే "షుడవ్" అని వినిపిస్తుంది. అది విని వారిలో చాలామంది హ్యావ్‌కు బదులు "షుడ్ ఆఫ్" అని రాసేస్తారు. మీరు మాత్రము రాయకండి.

ఈ నెల అభ్యాసము: ఈ వాక్యాలను ఇంగ్లీషులో రాయండి. మా తమ్ముడికి ముగ్గురు పిల్లలు. అమ్మకు సోమవారం నుంచి దగ్గు. మేము పోయిన వేసవిలో ఇంటికి సున్నం వేయించాము. నాన్నగారు ఒంగోలు వెళ్ళి వచ్చారు. రేపు నువ్వు బడికి వెళ్ళనక్కరలేదు. మేము స్టేషనుకు చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. ఆరూ హ్యావ్‌తోనే రాయాలి, హ్యావింగ్ ఒక్కచోట కూడా రాకూడదు. పోస్టుకార్డు మీద రాసి పంపండి, మీ తరగతి లేదా వయస్సు కూడా తెలపండి. జవాబులు వచ్చే సంచికలో.